సున్నితమైన వజ్రాల నగలకు ఏ బీమా, ఏ సంరక్షణ: వరంగల్ కుటుంబాల కోసం ఒక పోలిక

వజ్రాల నగకు నష్టం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, నగ మొత్తంగా చేజారిపోవడం: తాళం పగలగొట్టి ఇంట్లోకి వచ్చిన దొంగ, కాజీపేటలో రైలెక్కి తిరుపతి చేరేలోగా మాయమైన సంచి, వానాకాలంలో గదుల్లోకి వచ్చిన నీళ్లు. రెండవది, నగ ఒంటి మీదనే ఉండగా అందులోని ఒక రాయి ఎప్పుడు ఎక్కడ రాలిందో తెలియకుండా రాలిపోవడం. మొదటి నష్టానికి బీమా దొరుకుతుంది. రెండవ నష్టానికి చాలా పాలసీల్లో డబ్బు రాదు, ఎందుకంటే రాయిని పట్టుకున్న బంగారు గోరు అరిగి వదులు కావడాన్ని బీమా సంస్థలు వాడుక వల్ల వచ్చే అరుగుదలగానే లెక్కిస్తాయి. సన్నని పనితనం ఉన్న నగలకు ఎక్కువగా జరిగేది ఈ రెండవ నష్టమే. కాబట్టి బీమాల పోలికను ప్రీమియంతో మొదలుపెట్టడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. ఏ నగ ఎక్కడ ఉంటుంది, ఎంత తరచుగా ఒంటి మీదకు వస్తుంది, దాని రాళ్లను ఏ తీరులో పొదిగారు అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు రాసుకుంటే, ఏ నగకు బీమా కావాలో, ఏ నగకు ఏడాదికి రెండుసార్ల తనిఖీ చాలునో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల మధ్యతరగతి ఇళ్లలో వజ్రాల నగలు సాధారణంగా మూడు చోట్ల ఉంటాయి. ముక్కుపుడక, రోజూ పెట్టుకునే కమ్మలు, ఒక ఉంగరం ఎప్పుడూ ఒంటి మీద ఉంటాయి. వజ్రాలు వేసిన నల్లపూసలు, సన్నని గాజులు, లాకెట్టు బీరువాలో ఉండి పండుగకో పేరంటానికో బయటికి వస్తాయి. పెళ్లికి చేయించిన నెక్లెస్, వడ్డాణం బ్యాంకు లాకర్‌లో ఉండి ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే వెలుగు చూస్తాయి. ఈ మూడింటికీ ఒకే పాలసీ తీసుకుంటే ఒక చోట అనవసరంగా డబ్బు పోతుంది, మరో చోట రక్షణ చాలదు.

లాకర్ ఒక్కటే చాలునా

లాకర్‌లో పెట్టిన నగకు బ్యాంకే బీమా చేయించి ఉంటుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అది నిజం కాదు. లాకర్‌లో ఏముందో బ్యాంకుకు తెలియదు, తెలుసుకునే హక్కు కూడా దానికి లేదు, కాబట్టి లోపలి వస్తువుల మీద బ్యాంకు బీమా చేయించదు. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రకటించి 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలిపోవడం, సిబ్బంది మోసం వంటి కారణాలతో లాకర్‌లోని వస్తువులు పోతే బ్యాంకు చెల్లించవలసిన మొత్తం ఆ లాకర్ ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే ఉంటుంది. అద్దె ఏడాదికి 3,000 రూపాయలు అనుకుంటే ఆ హద్దు 3 లక్షలు. పెళ్లి నెక్లెస్ ఒక్కదాని విలువే అంతకు మించిపోతున్న రోజులివి.

ఇంకొక నిబంధనను వరంగల్ వాళ్లు ప్రత్యేకంగా చదవాలి. వరద, భూకంపం, పిడుగు వంటి ప్రకృతి విపత్తుల వల్ల లాకర్‌లోని వస్తువులకు నష్టం జరిగితే బ్యాంకుకు బాధ్యత ఉండదు. ముందుజాగ్రత్తలు తీసుకోవలసిన విధి మాత్రమే దాని మీద ఉంటుంది. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు ఏ ఎత్తున వచ్చాయో చూసిన వారికి ఈ మినహాయింపు బరువు విడమరచి చెప్పనక్కరలేదు. వజ్రానికి నీటివల్ల చెడు జరగదన్నది నిజమే. అయితే బురదనీటిలో రోజుల తరబడి నానిన నగకు వెనకవైపు రేకు కట్టిన రాళ్లుంటే అవి మసకబారతాయి, కాగితాలు, సర్టిఫికెట్లు పనికిరాకుండా పోతాయి. అందువల్ల లాకర్ తీసుకునేటప్పుడు శాఖ ఉన్న వీధి పల్లమా మెరకా, లాకర్ గది సెల్లారులో ఉందా పైఅంతస్తులో ఉందా అని అడగడం అతిజాగ్రత్త ఏమీ కాదు. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలోని ఒక బ్యాంకు శాఖలోకి చొరబడిన దొంగలు సుమారు 19 కిలోల తాకట్టు బంగారాన్ని ఎత్తుకుపోయిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. అక్కడ పోయినవి తాకట్టు నగలు, ఖాతాదారుల లాకర్లు వేరు. అయినా బ్యాంకు గోడల మధ్య ఉన్నంత మాత్రాన ప్రమాదం సున్నా కాదని ఆ సంఘటన చూపించింది.

ఇన్ని లోపాలు చెప్పినా, ఏడాదికి రెండుసార్లు మాత్రమే పెట్టుకునే నగకు లాకరే మొదటి ఎంపిక అని నేను అంటాను. దాని అద్దె తక్కువ, నగకు వాడుక వల్ల వచ్చే అరుగుదల దాదాపు ఉండదు. చేయవలసినదల్లా ఆ లాకర్‌లోని నగలను ఇంటి బీమాలో విలువైన వస్తువులుగా చూపించి, అవి ఉండే చోటుగా బ్యాంకు శాఖ చిరునామాను కూడా పాలసీలో రాయించుకోవడం. కొన్ని సంస్థలు దీనికి ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకున్నామని నోటితో చెబితే సరిపోదు, పాలసీ పత్రంలో ఆ వాక్యం కనబడాలి.

ఇంటి బీమాల మధ్య తేడా

మార్కెట్లో అన్ని సాధారణ బీమా సంస్థలూ అమ్మే ప్రామాణిక ఇంటి పాలసీ పేరు భారత్ గృహ రక్ష. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని అమ్మడం సంస్థలకు తప్పనిసరి చేసింది. నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు వంటి వాటి నుంచి ఇంటికీ సామానుకూ రక్షణ ఇస్తుంది. ఇంటి కట్టడానికి బీమా చేస్తే అందులో 20 శాతం విలువ మేరకు, 10 లక్షలు మించకుండా, సామాను దానంతట అదే చేరుతుంది. ఈ సామాను అంటే మంచాలు, ఫ్రిజ్, టీవీ వంటివి మాత్రమే. నగలు అందులో రావు. నగలకు విలువైన వస్తువుల కవరును విడిగా కోరి, మీరూ సంస్థా ముందే ఒప్పుకున్న విలువకు రాయించుకోవాలి. మొత్తం 5 లక్షల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే, నగల విలువ కట్టే వాల్యుయర్ ఇచ్చే సర్టిఫికెట్ అడగరు. అంతకు మించితే సర్టిఫికెట్ ఉండాలి.

ఈ పాలసీలో చాలామంది గమనించని పెద్ద ఖాళీ ఒకటి ఉంది. ఇందులో దొంగతనానికి రక్షణ ఉందని చెబుతారు. ఆ రక్షణ పాలసీలో చెప్పిన ప్రమాదం ఏదైనా జరిగి, దాని కారణంగా 7 రోజుల లోపు జరిగిన దొంగతనానికి మాత్రమే వర్తిస్తుంది. వరద వచ్చి మీరు ఇల్లు విడిచి బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ఎవరో వచ్చి దోచుకుంటే డబ్బు వస్తుంది. మామూలు రోజున రాత్రిపూట కిటికీ చువ్వలు కోసి బీరువా తెరిచిన దొంగతనానికి రాదు. నగల కోసమే పాలసీ తీసుకునే వారు భారత్ గృహ రక్షను మాత్రమే తీసుకుని ఊరుకుంటే, వారు భయపడిన ప్రమాదం తప్ప మిగతా అన్నింటికీ బీమా చేయించుకున్నట్టవుతుంది.

దొంగతనం కవరు కూడా కలిసి వచ్చేవి హౌస్‌హోల్డర్ ప్యాకేజీ పాలసీలు. వీటిలో అగ్నిప్రమాద విభాగం, ఇల్లు పగలగొట్టి జరిగే దొంగతనం విభాగం, నగలకు ఆల్ రిస్క్ విభాగం విడివిడిగా ఉంటాయి. ఏ విభాగం తీసుకుంటే ఆ ప్రీమియమే కడతాం. దొంగతనం విభాగం పనిచేయాలంటే సాధారణంగా బలవంతంగా లోపలికి వచ్చిన ఆనవాళ్లుండాలి. తాళం తీసే ఉన్న ఇంట్లోంచి నగ మాయమైతే, ఇంటి మనుషులే తీసుకుంటే క్లెయిమ్ నిలబడదు. పనివాళ్ల చేతివాటానికి కవరు కావాలంటే దాన్ని అదనంగా అడగాలి. చాలా పాలసీల్లో ఒక్కో వస్తువుకు పరిమితి ఉంటుంది; ఆ పరిమితి దాటిన నగను జాబితాలో పేరుపెట్టి, బరువుతో, రాళ్ల లెక్కతో విడిగా చూపించకపోతే పరిమితి వరకే చెల్లిస్తారు.

మన ప్రాంతానికి ముఖ్యమైన షరతు మరొకటి: ఇల్లు ఎన్ని రోజులు వరుసగా తాళం వేసి ఉండవచ్చు అన్నది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులు హనుమకొండలో వీధికొకరు కనిపిస్తారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు వెళ్లి ఇళ్లు మూసి ఉంచేవారు ఎక్కువ. పాలసీలో చెప్పిన రోజులకు మించి ఇల్లు ఖాళీగా ఉంటే, ముందుగా సంస్థకు తెలియజేసి ఒప్పించకపోతే, దొంగతనం కవరు ఆగిపోతుంది. వీరికి నా సలహా సూటిగా ఒకటే: ప్రయాణానికి ముందు నగలన్నీ లాకర్‌కు వెళ్లాలి, పాలసీలో లాకర్ చిరునామా ఉండాలి. బీరువాలో పెట్టి పక్కింటివారికి తాళం చెవి ఇచ్చి వెళ్లడానికి ఏ పాలసీ తోడు రాదు.

ఆల్ రిస్క్ ఎవరికి తగును

ఆల్ రిస్క్ పాలసీ నగ ఎక్కడ ఉన్నా, అంటే ఒంటి మీద, పెళ్లి మంటపంలో, రైలులో ఉన్నా, అనుకోకుండా పోయినా దెబ్బతిన్నా చెల్లించే రకం. పేరులో అన్ని ప్రమాదాలూ ఉన్నట్టు వినిపించినా మినహాయింపుల పేజీ పెద్దదే. వాడుక అరుగుదల, తయారీ లోపం, శుభ్రం చేసేటప్పుడో మరమ్మతు చేసేటప్పుడో జరిగిన నష్టం, మనుషులు లేని కారులో వదిలిన నగ సాధారణంగా దీనికి బయటే ఉంటాయి. కవరు సాధారణంగా దేశం లోపలికే పరిమితం. కూతురి పెళ్లికి విదేశానికి నగలు తీసుకెళ్లేవారు ప్రపంచవ్యాప్త కవరును అదనంగా కోరాలి.

జతల నిబంధన వజ్రాల కమ్మలు ఉన్నవారికి మిగతా అన్ని నిబంధనల కన్నా ముఖ్యమైనది. రెండు కమ్మల్లో ఒకటి పోతే చాలా పాలసీలు ఒక కమ్మ విలువనే ఇస్తాయి; మిగిలిన దానికి జోడు దొరకదన్న నష్టాన్ని లెక్కలోకి తీసుకోవు. అదే రంగు, అదే స్వచ్ఛత, అదే కోత ఉన్న రాయిని జతకు తేవాలంటే విడిరాయి కన్నా ఎక్కువ ఖర్చవుతుందని నగల పని తెలిసినవారందరికీ తెలుసు. పాలసీ తీసుకునే ముందు ఈ ఒక్క వాక్యాన్ని చదివి, జతగా చెల్లించే సంస్థ దొరికితే ప్రీమియం కాస్త ఎక్కువైనా దాన్నే ఎంచుకోవడం మేలు.

పెద్ద షోరూములు కొన్ని కొనుగోలుతోపాటు మొదటి ఏడాది ఉచిత బీమా ఇస్తున్నాయి. దాన్ని కాదనవలసిన పనిలేదు. సాధారణంగా అది నిప్పు, వరద, దోపిడీ వంటి పెద్ద సంఘటనలకు పనికివస్తుంది. నడుస్తుండగా జారిపడిన ముక్కుపుడకకు పనికిరాదు. బిల్లు మీద ఎంత విలువకు, ఏ సంస్థ పాలసీ కింద, ఏ తేదీ వరకు అన్న వివరాలు రాసి ఇమ్మని అడిగి, ఆ తేదీని సొంత పాలసీ ప్రారంభానికి గడువుగా పెట్టుకుంటే ఆ ఏడాది ప్రీమియం మిగులుతుంది.

విలువ ఎంత రాయించాలి

ఇక్కడే ఎక్కువమంది నష్టపోతారు, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. వజ్రాల నగ విలువ రెండు వేర్వేరు సరుకుల కలయిక. బంగారం ధర 2025లో 10 గ్రాములకు లక్ష రూపాయలు దాటింది. ప్రయోగశాలలో తయారైన వజ్రాల ధర అదే కాలంలో బాగా పడిపోయింది, సహజ వజ్రాల ధర కూడా 2022 నాటి ఎత్తులో నిలవలేదు. అయిదేళ్ల కిందటి బిల్లు మొత్తాన్ని చూసి అదే అంకెను పాలసీలో వేస్తే బంగారం వైపు తక్కువ, రాళ్ల వైపు ఎక్కువ అవుతుంది. ఎక్కువ రాయించిన దానికి ప్రీమియం కడతాం తప్ప ఎక్కువ డబ్బు రాదు, ఒప్పుకున్న విలువ మీద పాలసీ ఉంటే తప్ప.

తక్కువ రాయించినప్పుడు జరిగేది ఇంకా కష్టం. ఇంట్లోని నగల అసలు విలువ 8 లక్షలు ఉండగా 4 లక్షలకే పాలసీ ఉందనుకుందాం. అందులో 2 లక్షల నగ పోతే, సగటు నిబంధన ఉన్న పాలసీలో లక్ష మాత్రమే ఇస్తారు, ఎందుకంటే మిగిలిన సగం భారాన్ని మీరే మోస్తున్నట్టు లెక్క. నగ ఒప్పుకున్న విలువ మీద ఉంటే ఈ తగ్గింపు రాదు. అందుకే విలువైన నగలకు ఒప్పుకున్న విలువ పాలసీనే ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

విలువ కట్టించడానికి ఆదాయపు పన్ను శాఖ వద్ద నమోదైన వాల్యుయర్ దగ్గరికి వెళ్లాలి. వారి నివేదికలో మొత్తం బరువు, రాళ్లు తీసేసిన నికర బంగారు బరువు, బంగారం స్వచ్ఛత, ప్రతి పెద్ద రాయి క్యారెట్లు, చిన్న రాళ్ల సంఖ్య, వాటి మొత్తం బరువు, రాళ్లు సహజమా ప్రయోగశాలవా అన్నవి విడివిడిగా ఉండాలి. రాళ్ల బరువులో క్యారెట్ అంటే 0.2 గ్రాములు, దానిలో నూరవ వంతు సెంటు. 30 సెంట్ల రాయిని 0.30 క్యారెట్ అని సర్టిఫికెట్ మీద రాస్తారు. బంగారానికి 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య అయిన హెచ్‌యూఐడీ లేని నగను దుకాణాలు అమ్మకూడదు. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. హాల్‌మార్క్ బంగారానికి మాత్రమే హామీ. వజ్రం గురించి అది ఏమీ చెప్పదు. దానికి జీఐఏ, ఐజీఐ వంటి ప్రయోగశాలల నివేదిక కావాలి. పెద్ద రాళ్ల నడుము (పై సగమూ కింది సగమూ కలిసే అంచు) మీద ఆ నివేదిక సంఖ్యను లేజరుతో చెక్కి ఉంటే, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చదవవచ్చు. మరమ్మతుకు ఇచ్చి తెచ్చుకున్న రాయి మీదేనా అని తేల్చే సులభమైన ఆధారం అదే.

వాల్యుయర్ నివేదికను రెండేళ్లకోసారి కొత్తగా తీసుకోవాలి. బంగారం ధర ఇలా పరుగెత్తే కాలంలో ఏడాదికోసారి అయితే ఇంకా మంచిది.

పొదిగిన తీరును బట్టి సంరక్షణ

వజ్రం మోస్ కొలమానంలో 10వ స్థాయి కాఠిన్యం ఉన్న పదార్థం, దాన్ని మరో వజ్రం తప్ప ఏదీ గీయలేదు. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రంలో నాలుగు దిశల్లో చీలిక తలాలుంటాయి, ఆ దిశలో గట్టి దెబ్బ తగిలితే అంచు విరుగుతుంది. కరీంనగర్ గ్రానైటు వేసిన వంటింటి గట్టుకు ఉంగరం తగిలినప్పుడు గ్రానైటు వజ్రాన్ని గీయలేదు కానీ, రాయి నడుము పలుచగా ఉంటే ఆ దెబ్బకు అక్కడ చిన్న ముక్క లేవవచ్చు. అంతకన్నా ముందు దెబ్బతినేది రాయిని పట్టుకున్న బంగారం. 22 క్యారెట్ల బంగారం మెత్తనిది కనుకనే వజ్రాలను ఎక్కువగా 18 క్యారెట్లలో, అంటే 75 శాతం బంగారంలో పొదుగుతారు. రోజువారీ ఉంగరానికి 14 క్యారెట్లు ఇంకా గట్టిగా ఉంటాయి.

రోజూ పెట్టుకునే నగ కొత్తగా కొంటున్నవారికి పొదిగిన తీరే పెద్ద ఎంపిక. ప్రాంగ్‌లు అని షోరూముల్లో పిలిచే గోళ్ల మీద నిలబెట్టిన రాయికి వెలుతురు బాగా చేరి మెరుపు ఎక్కువ వస్తుంది. ఆ గోళ్లే జరీ పోగులకు తట్టుకుని మెల్లగా పైకి లేస్తాయి. చుట్టూ బంగారు అంచు మడిచిన బెజెల్ పద్ధతిలో రాయి కాస్త చిన్నదిగా కనిపిస్తుంది, భద్రత ఎక్కువ. చిన్న చిన్న రాళ్లను పక్కపక్కన పేర్చిన పావే పని అన్నింటికన్నా నాజూకు. ఒక్కో రాయిని పట్టుకునేది గింజంత బంగారపు పూస మాత్రమే. ఇంటి పని చేసే చేతికి పావే ఉంగరం ఏ బీమాతోనూ సరిపోయే నగ కాదు. ఆ చేతికి బెజెల్ ఉంగరం కొని, పావే పనిని లాకెట్టుకో కమ్మలకో ఉంచుకోవాలని నేను చెబుతాను. ముక్కుపుడకకు కూడా బెజెల్ మేలు, మర గట్టిగా ఉన్నదే తీసుకోవాలి.

బతుకమ్మ తొమ్మిది రోజులూ మన దగ్గర నగలకు ఒక పరీక్ష. గంటల తరబడి చప్పట్లు కొడుతూ తిరిగేటప్పుడు ఉంగరం ఉంగరానికి, గాజు గాజుకు తగులుతుంది, పట్టుచీర జరీ గోళ్లకు పట్టుకుంటుంది. వేయిస్తంభాల గుడి దగ్గర సద్దుల బతుకమ్మ నాటి రద్దీలో ఒక రాయి రాలితే వెతకడం అసాధ్యం. పండుగకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ పెట్టుకుంటే ఏడాదికి రెండు తనిఖీలు సహజంగానే కుదురుతాయి. మేడారం జాతరకు వెళ్లేటప్పుడు వజ్రాలు ఇంట్లో విడిచి వెళ్లడమే ఉత్తమం. అక్కడ తల్లులకు సమర్పించే బంగారం ఎలాగూ బెల్లమే.

ఇంట్లో చేయగలిగిన తనిఖీ మూడు నిమిషాల పని. నగను చెవి దగ్గర పట్టుకుని వేలితో మెల్లగా తడితే వదులైన రాయి టకటకమంటుంది. మెత్తని నూలు గుడ్డ మీద నగను లాగితే లేచిన గోరు పోగుకు తగులుకుంటుంది. భూతద్దం ఉంటే గోళ్ల కొనలు గుండ్రంగా ఉన్నాయా, అరిగి పలకలయ్యాయా అని చూడవచ్చు. అనుమానం వస్తే ఆ నగను ఆ క్షణమే తీసి జిప్ ఉన్న చిన్న కవరులో పెట్టాలి. రేపు చూద్దామని మళ్లీ పెట్టుకున్న నగలోంచే రాయి పోతుంది.

శుభ్రం చేయడంలో వజ్రానికి ఉన్న స్వభావం గుర్తుపెట్టుకోవాలి. దానికి నూనె, జిడ్డు సులభంగా అంటుకుంటాయి. గనుల్లో మట్టి నుంచి వజ్రాలను వేరు చేయడానికి జిడ్డు పూసిన బల్లలు వాడినది ఈ గుణం ఆధారంగానే. తలనూనె, క్రీము, పసుపు, గోరింటాకు ముద్ద రాయి వెనక చేరితే మెరుపు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి రాయికి ఏమీ కాదు. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల మెత్తని డిష్‌వాష్ ద్రవం వేసి కాసేపు నానబెట్టి, పసిపిల్లల బ్రష్‌తో వెనకవైపు మెల్లగా రుద్ది, మరో గిన్నెలోని మంచినీళ్లలో జాడించి, పోగులు రాలని గుడ్డతో ఒత్తాలి. ఈ పని సింకులో చేయకూడదు. మన ఇళ్లలో బంగారానికి వాడే కుంకుడుకాయ రసం కూడా తేలికైనదే, కాని తొక్కలు గోళ్ల సందుల్లో ఇరుక్కోకుండా వడకట్టి వాడాలి. బ్లీచింగ్ ద్రవం దగ్గరికి మాత్రం నగను తీసుకుపోకూడదు. అందులోని క్లోరిన్, 18, 14 క్యారెట్ల బంగారంలో కలిసిన ఇతర లోహాల మీద పనిచేసి గోళ్లను పెళుసు చేస్తుంది.

పోల్కీ, కుందన్ వంటి వెనక మూసిన నగలకు ఈ పద్ధతి వర్తించదు. రాయి కింద రేకు ఉంటుంది, నీరు లోపలికి పోతే ఆ మెరుపు తిరిగి రాదు. వాటిని పొడి గుడ్డతో తుడిచి దూది మధ్య పెట్టడం తప్ప ఇంట్లో ఏమీ చేయరాదు. ఏ నగనైనా మరో నగకు తగలకుండా విడి సంచిలో పెట్టాలి. వజ్రం పక్కనున్న బంగారాన్నీ ముత్యాన్నీ గీకేస్తుంది.

షోరూమా, అవుసలా

సంరక్షణకు షోరూము సర్వీసూ, ఊళ్లోని అవుసల దుకాణమూ రెండూ మంచి ఎంపికలే, వేర్వేరు పనులకు. సర్టిఫికెట్ ఉన్న రాళ్లు, పావే పని, తెల్ల బంగారం మీద వేసే రోడియం లోహపు పూత అయితే కొన్న షోరూముకే వెళ్లడం మేలు. అక్కడ పెద్ద అద్దాలు, పూత యంత్రాలు ఉంటాయి, కొన్నచోట చాలాసార్లు శుభ్రపరచడం ఉచితం. తెల్ల బంగారానికి రోజువారీ వాడుకలో ఒకటి రెండు ఏళ్లకు రోడియం మళ్లీ వేయించాలి. అల్ట్రాసోనిక్ తొట్టిలో వేస్తామంటే ముందు ఒక ప్రశ్న అడగాలి: రాళ్లలో పగుళ్లు నింపినవి ఉన్నాయా, పక్కన పచ్చలు, ముత్యాలు ఉన్నాయా అని. ఉంటే ఆ తొట్టి వద్దు. వదులైన రాళ్లను ఆ కంపనం రాల్చేస్తుంది కూడా, కాబట్టి తనిఖీ ముందు, తొట్టి తర్వాత.

మర మార్చడం, కొక్కెం అతకడం, ముక్కుపుడక కాడ సరిచేయడం వంటి పనులకు కుటుంబానికి తరతరాలుగా తెలిసిన అవుసలాయన దగ్గర మీ కళ్లముందే పని అయిపోతుంది, నగ మీ చూపు దాటి పోదు. ఆ నమ్మకానికి విలువ ఉంది. అతుకు పెట్టే మంట రాయికి దగ్గరగా వచ్చే పని అయితే రాయి వజ్రమని, అది పగుళ్లు నింపినదో కాదో కూడా ముందే చెప్పాలి. వజ్రం కర్బనమే కనుక గాలిలో ఎక్కువ వేడికి పైపొర కాలి పాలరంగు తేలుతుంది. పని తెలిసినవారు బోరిక్ పూత వేసి మంట పెడతారు.

ఎవరికి ఇచ్చినా రసీదు మీద మొత్తం బరువు, రాళ్ల సంఖ్య, హెచ్‌యూఐడీ రాయించుకుని, రెండు వైపులా ఫొటో తీసుకోవాలి. షోరూమును ఇంకొకటి అడగాలి: మా నగ మీ దగ్గర ఉన్నంతకాలం మీ జ్యువెలర్స్ బ్లాక్ పాలసీ (నగల దుకాణాలు తీసుకునే బీమా) కిందకు వస్తుందా అని. మీ సొంత పాలసీ మరమ్మతు సమయంలో జరిగే నష్టానికి సాధారణంగా పనిచేయదు కాబట్టి వారి పాలసీయే ఆధారం.

ఎవరికి ఏది

నగల మొత్తం విలువ 5 లక్షల లోపు ఉండి, ఇల్లు ఎప్పుడూ మనుషులతో ఉండే కుటుంబానికి భారత్ గృహ రక్షలో విలువైన వస్తువుల కవరు, దానికి తోడు దొంగతనం కవరు చాలు. లాకర్‌లోనే ఎక్కువ నగలు ఉన్నవారు హౌస్‌హోల్డర్ ప్యాకేజీలో లాకర్ చిరునామా రాయించుకుంటే సరిపోతుంది. వారికి ఆల్ రిస్క్ ఖర్చు అనవసరం. కొత్తగా పెళ్లయి, ప్రయాణాలు ఎక్కువ ఉండి, 2 లక్షలు దాటిన ఉంగరం లేదా కమ్మలు రోజూ పెట్టుకునేవారికి ఆ ఒకటి రెండు నగల వరకే ఆల్ రిస్క్ తీసుకోమంటాను, అన్ని నగలకూ కాదు. ముక్కుపుడక, చిన్న రాళ్ల కమ్మలకు బీమా జోలికి పోకుండా ఆ డబ్బును తనిఖీకీ, గోళ్లు సరిచేయించడానికీ వాడడం తెలివైన పని.

క్లెయిమ్ వచ్చిన రోజున పనికివచ్చేవి నాలుగు కాగితాలు: బిల్లు, ప్రయోగశాల నివేదిక, వాల్యుయర్ నివేదిక, నగ పెట్టుకున్న ఫొటో. వీటి నకళ్లు నగ ఉన్న బీరువాలో కాక ఫోనులోనూ మరో ఊళ్లోని బంధువు దగ్గరా ఉండాలి. దొంగతనం తెలిసిన వెంటనే 112కు ఫోన్ చేసి, ఎఫ్ఐఆర్ నకలు తీసుకుని, అదే రోజు బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. ఆచూకీ దొరకలేదన్న పోలీసుల తుది నివేదికను సంస్థలు తర్వాత అడుగుతాయి. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాది లోపు హైదరాబాదులోని, ఫిర్యాదులు తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు.